ఆకాశహర్మ్యాలు కట్టిన చేతులే హాజీలకు నీడనిచ్చాయి

హజ్ యాత్రికుల విమానం జిద్దాలో ఆగుతుంది. ఇహ్రామ్ దుస్తుల్లో ఉన్న హాజీలు లబ్బైక్ పలుకుతూ బయటికి వస్తారు. తలెత్తి చూస్తే తెల్లని గుడారాలు బారులు తీరి కనిపిస్తాయి. ఎడారి సూర్యుడు నిప్పులు చెరుగుతున్నా వాటి కింద నీడ పరచుకుని ఉంటుంది. మన తెలుగునాట నుంచి హజ్ చేసి వచ్చిన పెద్దలు ఎందరో ఆ నీడలో సామాను పక్కన పెట్టుకుని సేదదీరినవారే. కాని ఆ గుడారాలను నిలబెట్టిన ఇంజనీరు ఎవరని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం?

ఆయన పేరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. కరుణామయుని అనుగ్రహం అని ఆ పేరుకు అర్థం. ఢాకాలో పుట్టి, అమెరికాలోని చికాగోలో స్థిరపడి, చివరికి జిద్దాలో కన్నుమూసిన మనిషి ఆయన. పాతికేళ్ల పాటు, అంటే 1998 వరకు, ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనంగా పేరుపొందిన చికాగో సియర్స్ టవర్‌ను నిలబెట్టిన మేధ ఆయనదే.

ఈ వారం ఆయన జీవితాన్ని పాఠకుల ముందుంచడానికి ఒక కారణం ఉంది. నేడు మన ముస్లిం కుటుంబాల్లో అమెరికాలో బిడ్డ ఉన్న ఇళ్లు కొల్లలు. చదువుకని వెళ్లినవారు, ఉద్యోగాల్లో కుదురుకున్నవారు, అక్కడే పిల్లలను కని పెంచుతున్నవారు ఎందరో. ఇక్కడ ఉన్న తల్లిదండ్రుల మనసులో మాత్రం ఒక గుబులు. ఆ పరాయి సమాజంలో మన బిడ్డ ఇమడగలడా? ఇమిడితే మనవాడుగా మిగులుతాడా? ఈ రెండు ప్రశ్నలకూ ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ జీవితంలో ఆలోచించదగ్గ సమాధానం ఉందని మా నమ్మకం.

పరాయి సమాజంలో బతకడం ముస్లిములకు కొత్త సంగతి కాదు. మక్కాలో ఖురైషుల దౌర్జన్యాలు భరించరానివైనప్పుడు దైవప్రవక్త (స) తన అనుచరులను హబషా దేశానికి వెళ్లమన్నారు. ఆ దేశాన్ని ఏలుతున్న నజాషీ క్రైస్తవుడు, అయినా న్యాయం తెలిసిన ప్రభువు. జాఫర్ బిన్ అబీ తాలిబ్ (ర) వంటి సహాబాలు అక్కడ పదేళ్లకు పైగా ఉన్నారు. తమ విశ్వాసాన్ని దాచుకోలేదు, ఆశ్రయమిచ్చిన నేలకు ద్రోహం తలపెట్టలేదు. వలస వెళ్లిన ప్రతి ముస్లిముకూ ఆ తొలి వలస ఒక కొలబద్దగా నిలిచిపోయింది.

లెక్కల మాస్టారి కుమారుడు

ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ 1929 ఏప్రిల్ 3న జన్మించారు. తండ్రి అబ్దుర్ రహ్మాన్ ఖాన్ గణిత ఉపాధ్యాయుడు, పాఠ్యపుస్తకాల రచయిత. ఆ తరువాత బెంగాల్ విద్యాశాఖలో ఉన్నత పదవికి ఎదిగి, పదవీ విరమణ చేశాక ఢాకాలోని జగన్నాథ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. తల్లి ఖదీజా ఖాతూన్. ఆస్తిపాస్తులకన్నా అక్షరానికి విలువనిచ్చిన ఇల్లు అది. ఆ ఇంట్లో లెక్క అంటే పిల్లవాడికి భయం లేదు, ఇష్టం ఉంది.

ఢాకాలోని అర్మానీటోలా ప్రభుత్వ పాఠశాలలో చదువు ముగించి, ఇంజనీరింగు కోసం కలకత్తా పక్కన ఉన్న శిబ్‌పూర్ కళాశాలలో చేరారు. ఇంతలో దేశం రెండయింది. ఢాకా ఒక దేశంలో, కలకత్తా మరో దేశంలో పడ్డాయి. 1950లో మతకలహాలు చెలరేగడంతో ఆ యువకుడు శిబ్‌పూర్ విడిచి ఢాకా చేరుకోవలసి వచ్చింది. అక్కడి అహ్సానుల్లా ఇంజనీరింగ్ కళాశాలలో మిగిలిన చదువు పూర్తిచేసి పట్టా పుచ్చుకున్నారు. ఇరవై ఒక్క ఏళ్లకే ఆయనకు ఒక సంగతి అనుభవంలోకి వచ్చింది. మనిషి కదలకుండా కూర్చున్నా, అతని కాళ్ల కింద దేశం పేరు మారిపోవచ్చు. కాని నేర్చుకున్న విద్యను ఎవరూ లాక్కోలేరు.

1952లో ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనంతో పాటు పాకిస్తాన్ ప్రభుత్వ ఉపకార వేతనం కూడా లభించింది. తూర్పు పాకిస్తాన్ యువకుడు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాడు.

నాటి అమెరికా ఎలా ఉండేది?

నేటి అమెరికాను మనసులో పెట్టుకుని ఆనాటి అమెరికాను ఊహించకూడదు. 1952లోనే అక్కడ వచ్చిన వలస చట్టం ప్రకారం మన ఉపఖండ దేశాల్లో ఒక్కో దేశం నుంచి స్థిరనివాసానికి ఏడాదికి సుమారు వంద మందినే రానిచ్చేవారు. నల్లజాతి వారికి చాలా రాష్ట్రాల్లో బస్సుల్లో, బడుల్లో, హోటళ్లలో వేరు స్థానమే. చికాగోలో సైతం ఎన్నో పేటల్లో వారికి ఇల్లు అమ్మేవారు కాదు. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ నగరానికి వచ్చి ఉద్యమం నడపవలసి వచ్చింది.

ముస్లిములు ఉన్నారు గాని చాలా పలుచగా ఉన్నారు. చికాగోలో సొరంగాలు తవ్విన బోస్నియా కూలీలు 1906లోనే ఒకరికొకరు తోడుగా ఒక సహాయ సంఘం పెట్టుకున్నారు. అయోవా రాష్ట్రంలోని సీడర్ ర్యాపిడ్స్‌లో సిరియా, లెబనాన్ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు 1934లో చిన్న మసీదు కట్టుకున్నాయి. నేడు చికాగోలోని డెవాన్ అవెన్యూలో హైదరాబాదీ మాట వినిపించని రోజుండదు. కాని 1952లో ఆ సందడి లేదు. ఈదు పండుగనాడు కౌగిలించుకోవడానికి తెలిసిన మనిషి దొరికితే అదే పదివేలు అనుకునే కాలం అది.

అటువంటి చోట ఆ యువకుడు మూడేళ్లలో రెండు మాస్టర్స్ పట్టాలు, ఒక డాక్టరేటు సాధించాడు. 1955లో చికాగోలోని ప్రసిద్ధ వాస్తు సంస్థ స్కిడ్మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్‌లో ఉద్యోగం వచ్చింది.

స్వదేశం పిలిచింది, నిలుపుకోలేకపోయింది

ఇక్కడ మనం ఆగి ఆలోచించవలసిన ఘట్టం ఒకటి ఉంది. ఖాన్ అమెరికాలోనే ఉండిపోవాలని ఆనాడు నిర్ణయించుకోలేదు. తనను చదివించిన దేశానికి తిరిగి వెళ్లారు. కరాచీ నగరాభివృద్ధి సంస్థలో కార్యనిర్వాహక ఇంజనీరు పదవి లభించింది. పెద్ద పదవే. గౌరవానికి లోటు లేదు. లోటల్లా పనికే. రోజంతా పాలనా వ్యవహారాలు, ఫైళ్లు, సంతకాలు. ఆయన నేర్చుకున్న విద్యకు, అంటే కట్టడాల రూపకల్పనకు, అక్కడ తీరిక చిక్కలేదు. 1960లో తిరిగి చికాగో చేరి పాత సంస్థలోనే పనిలో కుదిరారు. 1959లో ఆస్ట్రియా దేశస్థురాలు లీజలాట్‌తో వివాహమైంది. కుమార్తె యాస్మీన్ 1960లో జన్మించారు. ఆమె కూడా ఇంజనీరై, 2004లో తండ్రి కృషిపై గ్రంథం వెలువరించారు.

మన మేధావులు విదేశాలకు తరలిపోతున్నారని మనం వాపోతుంటాం. వెళ్లినవారిని నిందిస్తుంటాం. తిరిగి వచ్చినవారికి మనం ఇచ్చిందేమిటన్న ప్రశ్న మాత్రం వేసుకోం. ఖాన్ తిరిగి వచ్చారు. ఆయనకు కుర్చీ దొరికింది, పని దొరకలేదు. పనివాడికి పని లేకుండా చేయడం కన్నా పెద్ద శిక్ష ఏముంటుంది? ఆయన్ను కోల్పోయిన తప్పు ఆయనది కాదు.

వెదురు బొంగు చెప్పిన పాఠం

అప్పటివరకు ఎత్తైన భవనాలను లోపల స్తంభాలు, దూలాలు అల్లి కట్టేవారు. పాతిక ముప్పై అంతస్తుల వరకు ఆ పద్ధతి బాగానే ఉండేది. అంతకు మించి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది. దాన్ని తట్టుకోవడానికి ఉక్కు విపరీతంగా పోయాలి. ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఎత్తు అనేది ధనవంతుల దర్పంగానే మిగిలిపోయింది.

ఖాన్ ఆలోచన వేరు. మన పొలాల గట్టున పెరిగే వెదురును చూడండి. లోపల బోలుగా ఉంటుంది. బలమంతా చుట్టూ ఉన్న గోడలోనే. గాలివానకు ఊగుతుంది గాని విరగదు. భవనాన్ని కూడా అలా ఒక గొట్టంలా కడితే? బయటి గోడలోనే స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపి ఒక్కటిగా బిగిస్తే? గాలిని ఎదుర్కొనే భారం ఆ గోడే మోస్తుంది, లోపల స్థలం ఖాళీగా మిగులుతుంది. ఈ గొట్టం పద్ధతిలో 1960ల మధ్యలో చికాగోలో నలభై అంతస్తులు దాటిన నివాస భవనం ఒకటి లేచింది. దాని పేరు డెవిట్ చెస్ట్‌నట్.

తరువాతది నూరు అంతస్తుల జాన్ హాంకాక్ సెంటర్. ఎత్తు 344 మీటర్లు. బయటి గోడలపై పెద్ద పెద్ద అడ్డుకట్లు గుణకారం గుర్తుల్లా కనిపిస్తాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు. భవనం భారాన్ని, గాలి ఒత్తిడిని మోసేవి అవే. న్యూయార్కులో 1931లో కట్టిన ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు మీటరుకు దాదాపు 206 కిలోల ఉక్కు పట్టింది. నూరు అంతస్తుల హాంకాక్‌కు సుమారు 145 కిలోలే సరిపోయింది. దుబారా చేయని చేతికి బరకత్ ఉంటుందని మన ఇళ్లలో పెద్దలు అనే మాట ఉక్కు విషయంలోనూ నిజమైంది!

ఎత్తైన భవనం గాలికి కొద్దిగా ఊగుతుంది. అందులో ఉండే మనుషులకు ఆ ఊపు ఎంతవరకు తెలియకుండా ఉంటుంది? దీన్ని తేల్చుకోవడానికి ఖాన్ బృందం చికాగో విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలకు వెళ్లింది. అక్కడ బట్టలుతికే యంత్రం పని తీరును చూపే కదిలే వేదిక ఒకటి ఉంది. దాని మీద మామూలు మనుషులను నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి పరీక్షించారు. లెక్కల పుస్తకం చెప్పింది కదా అని ఊరుకోలేదు. రేపు ఆ ఇంట్లో పడుకోబోయే తల్లికీ బిడ్డకూ కళ్లు తిరగకూడదన్నది ఆయన పట్టింపు. భవనం రూపకల్పనలో ఉన్నప్పుడు తనే ఆ భవనమైనట్టు ఊహించుకుని, ఏ భాగం ఎక్కడ మెలిపడుతున్నదో తన ఒంట్లోనే అనుభవించే అలవాటు ఆయనకుండేది.

ఆ తరువాత సియర్స్ టవర్. తొమ్మిది గొట్టాలను ఒక కట్టగా కట్టినట్టు దాని నిర్మాణం. రెండు గొట్టాలు యాభయ్యో అంతస్తు దగ్గర, మరి రెండు అరవై ఆరో అంతస్తు దగ్గర, మూడు తొంభయ్యో అంతస్తు దగ్గర ఆగిపోతాయి. మిగిలిన రెండే పైదాకా వెళ్తాయి. విడివిడిగా ఉంటే ఏ గొట్టమూ అంత ఎత్తున నిలవదు. ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నందునే నిలిచాయి. జమాఅత్‌తో నమాజు చేసే మనకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. 1970లో మొదలైన ఆ భవనం 1973లో 442 మీటర్ల ఎత్తుకు చేరింది. వాస్తుశిల్పి బ్రూస్ గ్రాహం, ఇంజనీరు ఖాన్ కలిసి చేసిన పని అది. 2010లో ప్రారంభమైన దుబాయ్ బుర్జ్ ఖలీఫాను కూడా ఖాన్ పనిచేసిన సంస్థే రూపొందించింది. నేడు లోకంలో లేచే ఎత్తైన భవనాలు చాలావరకు ఆయన వేసిన దారిలోనే లేస్తున్నాయి.

ఇంత పేరు వచ్చినా బోధన మానలేదు. ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విద్యార్థులకు పాఠాలు చెప్పేవారు. రవీంద్రనాథ్ ఠాగూర్ పాటలంటే ప్రాణం. ఇంజనీరు తన విద్యలోనే మునిగి మనుషులను మరిచిపోకూడదని, జీవితమంటే కళ, సంగీతం, అన్నిటికన్నా ముఖ్యంగా మనుషులేనని ఆయన భావించేవారు.

న్యాయం ఒకవైపు, రెండు ప్రభుత్వాలు ఒకవైపు

1965లో అమెరికా తన వలస చట్టాన్ని సవరించింది. దేశాల వారీగా పెట్టిన పాత అడ్డుగోడలు తొలగాయి. మన హైదరాబాదు నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా దారి పట్టింది ఆ తరువాతే. ఖాన్ 1967లో అమెరికా పౌరసత్వం స్వీకరించారు. సహోద్యోగులు ముద్దుగా ఫజ్ అని పిలిచినా, ఆయన సంతకంలోనూ గ్రంథాల్లోనూ తండ్రి పెట్టిన పేరే ఉంది. పేరు మార్చుకుంటే పని సులువవుతుందని అనుకునేవారు నేడు కూడా మనలో ఉన్నారు. ఖాన్ పని ఆయన పేరును అమెరికా వారి నోట పలికించింది.

అసలు పరీక్ష 1970లో వచ్చింది. ఆ ఏడాది నవంబరులో తూర్పు పాకిస్తాన్ తీరాన్ని పెనుతుఫాను ముంచెత్తింది. లక్షలాది ప్రాణాలు సముద్రం పాలయ్యాయి. 1977లో దివిసీమ ఉప్పెనను చూసిన మన కోస్తా వారికి ఆ దృశ్యం ఎలా ఉంటుందో తెలుసు. ఆ గాయం మానకముందే 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం తన ప్రజల మీదే విరుచుకుపడింది. సుమారు కోటి మంది ప్రాణాలు అరచేత పట్టుకుని మన దేశానికి తరలివచ్చారు.

చికాగోలో సియర్స్ టవర్ ఉక్కు అంతస్తు మీద అంతస్తుగా లేస్తున్న రోజులవి. ఖాన్ తన వృత్తిజీవితపు శిఖరం మీద ఉన్నారు. చూసీ చూడనట్టు ఊరుకున్నా ఆయన్ను అడిగేవారు లేరు. ఆయన ఊరుకోలేదు. తోటి బెంగాలీలతో కలిసి చికాగోలో రెండు సంస్థలను నెలకొల్పారు. ఒకటి బాధితుల సహాయానికి బంగ్లాదేశ్ అత్యవసర సహాయ సంస్థ. రెండవది అమెరికా ప్రజల్లోనూ చట్టసభ సభ్యుల్లోనూ బంగ్లాదేశ్ పక్షాన అభిప్రాయం కూడగట్టేందుకు బంగ్లాదేశ్ డిఫెన్స్ లీగ్.

ఇందులో ఉన్న కష్టం మనకు అర్థం కావాలి. దౌర్జన్యం చేసినది ముస్లిం ప్రభుత్వం. ఒకనాడు ఆయనకు ఉపకార వేతనమిచ్చి చదివించిన ప్రభుత్వం. మరోపక్క ఆయన కొత్తగా పౌరుడైన అమెరికాలో అధ్యక్షుడు నిక్సన్ ఆ ప్రభుత్వాన్నే వెనకేసుకొచ్చారు. అంటే పుట్టిన దేశపు పాలకులకూ, చేరిన దేశపు పాలకులకూ ఎదురు నిలవాలి. నాలుగేళ్ల క్రితమే పౌరసత్వం పొందిన వలసదారుకు అది చిన్న సంగతా? స్వజనులకు వ్యతిరేకంగానైనా సరే న్యాయం పక్షాన నిలవమని దివ్య ఖుర్ఆన్ విశ్వాసులను ఆదేశిస్తోంది. ఆశ్రయమిచ్చిన దేశానికి విధేయుడుగా ఉండడమంటే దాని పాలకులు చేసే ప్రతి పనికీ తలూపడం కాదని ఖాన్ తన నడతతో చూపారు. పౌరుడికి ఉన్న హక్కులన్నీ చట్టబద్ధంగా వాడుకుని, ఆ దేశం మనసు మార్చడానికి పాటుపడ్డారు.

హాజీల కోసం గుడారాలు

ఒకప్పుడు హజ్ యాత్ర అంటే నెలల ప్రయాణం. మన ప్రాంతం వారు రైలెక్కి బొంబాయి చేరి, అక్కడి నుంచి ఓడలో జిద్దాకు వెళ్లేవారు. విమానాలు వచ్చాక యాత్రికుల సంఖ్య ఏటేటా పెరిగింది. ఏడాదిలో కొద్ది వారాలే రద్దీ. ఆ కొద్ది వారాల్లో లక్షల మంది. భాషలు వేరు, దేశాలు వేరు. చాలామంది వృద్ధులు, జీవితంలో మొదటిసారి విమానమెక్కినవారు. కాగితాల తనిఖీకి, బస్సుల కోసం గంటల తరబడి వేచి ఉండాలి. ఎండ యాభై డిగ్రీలను సమీపిస్తుంది. అంతటి స్థలానికి గోడలు కట్టి చల్లదనం యంత్రాలు పెట్టడం భరించలేని ఖర్చు.

ఈ సమస్య ఖాన్ సంస్థ ముందుకు వచ్చింది. వాస్తుశిల్పి గోర్డన్ బన్‌షాఫ్ట్‌తో కలిసి ఖాన్ ఆలోచించారు. లోకంలో అందరికన్నా ఎత్తుగా ఉక్కును నిలబెట్టిన మనిషి ఈసారి గుడ్డను ఎంచుకున్నారు! ఎడారి వాసులైన బద్దూలు వేల ఏళ్లుగా వాడుతున్న గుడారమే ఇందుకు మూలం. మినాలో హాజీలు బస చేసేదీ గుడారాల్లోనే కదా.

ఒక్కో గుడారం 45 మీటర్ల చదరం. మొత్తం 210 గుడారాలు. 45 మీటర్ల ఎత్తున్న ఉక్కు స్తంభాల నుంచి బలమైన తీగలతో వాటిని వేలాడదీశారు. బట్ట మామూలు బట్ట కాదు, ఫైబర్ గ్లాసు నేత. అంటుకోని పెనాలకు వేసే టెఫ్లాన్ పూత దానికీ పూశారు. అది ఎండ వేడిని చాలావరకు తిప్పికొడుతుంది, మెత్తని వెలుతురును మాత్రం లోపలికి రానిస్తుంది. ప్రతి గుడారం నడినెత్తిన తెరిచిన వలయం ఉంటుంది. వేడి గాలి పైకి లేచి అందులోంచి వెళ్లిపోతుంది, పక్కల నుంచి కొత్త గాలి వస్తుంది. చుట్టూ గోడలు లేవు. ఒకేసారి 80 వేల మంది వరకు సేదదీరవచ్చు. 1981లో ఆ టెర్మినల్ పూర్తయింది.

అది ఒక ప్రభుత్వం అప్పగించిన పని. ఒక సంస్థ జీతం తీసుకుని చేసిన పని. ఆ మాట నిజమే. సంకల్పాల సంగతి అల్లాహ్‌కే తెలుసు. అయినా ఒక్కటి ఆలోచించండి. మనిషి చనిపోయాక కూడా ఆగకుండా పుణ్యం చేకూర్చే సత్కార్యాలు కొన్ని ఉంటాయని దైవప్రవక్త (స) బోధించారు. బాటసారికి నీడనివ్వడం, దాహం తీర్చడం మన సంప్రదాయంలో గొప్ప దానాలు. అల్లాహ్ ఇంటికి బయలుదేరిన బాటసారికి నీడ కల్పించే అవకాశం ఎంతమందికి దక్కుతుంది?

జిద్దాలో ఆఖరి శ్వాస

1982 మార్చి 27న, ఆ గుడారాలు లేచిన జిద్దా నగరంలోనే, పని మీద వెళ్లిన ఖాన్ గుండెపోటుతో హఠాత్తుగా మరణించారు. మరో వారం ఉంటే ఆయనకు 53 ఏళ్లు నిండేవి. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. భౌతికకాయాన్ని చికాగో తీసుకువెళ్లి గ్రేస్‌ల్యాండ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. పుట్టిన నేల ఒకటి, తుది శ్వాస విడిచిన నేల మరొకటి, శాశ్వతంగా నిద్రిస్తున్న నేల ఇంకొకటి. ఆ మూడింటిలోనూ ఆయనను తమవాడని చెప్పుకునేవారు ఉన్నారు.

మరుసటి ఏడాది, 1983లో, హజ్ టెర్మినల్‌కు ఆగా ఖాన్ వాస్తు పురస్కారం లభించింది. 1998లో చికాగో నగరం సియర్స్ టవర్ పక్కనున్న వీధి మలుపుకు ఫజ్లుర్ ఆర్. ఖాన్ వే అని పేరు పెట్టింది. 1999లో బంగ్లాదేశ్ ప్రభుత్వం తన అత్యున్నత స్వాతంత్ర్య పురస్కారాన్ని మరణానంతరం ప్రకటించింది. ఉపకార వేతనంతో వెళ్లిన విద్యార్థి పేరు ఆ మహానగరం నడిబొడ్డున వీధి పలకగా వేలాడుతోంది.

2001 తరువాత...

2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలాయి. వేలాది అమాయకులు బలయ్యారు. ఆ దుర్మార్గానికి ఇస్లాముతో సంబంధం లేదని ముస్లిములు ఎంత మొత్తుకున్నా అమెరికాలో గడ్డం ఉన్నవాడిని, హిజాబు ధరించిన తల్లిని అనుమానంగా చూసిన రోజులు వచ్చాయి. ఆ రోజు చికాగోలో సియర్స్ టవర్‌ను కూడా ఖాళీ చేయించారు. నాటికి అమెరికాలో అన్నిటికన్నా ఎత్తైన భవనం అదే. భయంతో మెట్లు దిగిన వేలాది ఉద్యోగుల్లో ఎందరికి తెలుసు, ఆ భవనాన్ని గాలికీ వానకూ చెక్కుచెదరకుండా నిలబెట్టింది ఒక ముస్లిం వలసదారు బుర్ర అని? 2009 జూన్‌లో అధ్యక్షుడు ఒబామా కైరోలో ప్రసంగిస్తూ, తమ దేశంలో అతి ఎత్తైన భవనాన్ని నిర్మించిన ఘనత అమెరికా ముస్లిములదని గుర్తుచేశారు. ఆ ఏడాదే ఆ భవనం పేరు విల్లిస్ టవర్‌గా మారింది. భవనాల పేర్లు మారతాయి. చేసిన పని నిలుస్తుంది.

ఒక్క మనిషి ఘనత చూపి లక్షల మంది మీద పడే అనుమానాన్ని తుడిచేయగలమని మేము అనడం లేదు. ఒక సామాన్య ముస్లిం గౌరవంగా బతకడానికి ఆకాశహర్మ్యం కట్టి చూపించవలసిన అవసరం ఉండకూడదు కూడా. డెవాన్ అవెన్యూలో దుకాణం నడిపేవాడికీ, టాక్సీ తోలేవాడికీ, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మకూ అదే గౌరవం దక్కాలి. ఖాన్ జీవితం ద్వారా మనం గ్రహించవలసినది మరొకటి.

వలస వెళ్లిన మనిషి మీద మూడు రుణాలు ఉంటాయి. అన్నం పెట్టిన నేల రుణం, కని పెంచిన నేల రుణం, తన ధర్మసమాజపు రుణం. ఒకటి తీర్చాలంటే మరొకటి ఎగ్గొట్టాలని చాలామంది భ్రమపడతారు. ఖాన్ ఏ ఒక్కదాన్నీ ఎగ్గొట్టలేదు. చికాగోకు తన మేధను ఇచ్చారు. బంగ్లాదేశ్ కన్నీళ్లకు తన గొంతును ఇచ్చారు. లోకం నలుమూలల నుంచి వచ్చే హాజీలకు నీడను ఇచ్చారు. మూడింటికీ పెట్టుబడి ఒక్కటే. తండ్రి దగ్గర నేర్చిన లెక్క, దాని మీద పెంచుకున్న నిజాయితీ.

కనుక అమెరికాలో ఉన్న బిడ్డతో ఫోనులో మాట్లాడే తల్లిదండ్రులు నమాజు చేస్తున్నావా అని తప్పక అడగండి. దానితో పాటు నీ పొరుగువాడికి నీవల్ల ఏం మేలు జరిగింది అని కూడా అడగండి. ఇక్కడ మన మొహల్లాల్లో చిరుగు సంచీతో బడికి వెళ్లే పిల్లల్లో లెక్కలంటే కళ్లు మెరిసే పిల్లవాడో పిల్లో కనిపిస్తే, ఫీజు లేదని ఆ చదువు ఆగకుండా చూడండి. చదివి తిరిగి వచ్చినవారికి కుర్చీతో సరిపెట్టకుండా పని ఇవ్వండి. రేపటి ఫజ్లుర్ రహ్మాన్ ఎవరి ఇంట ఉన్నాడో మనకేం తెలుసు?

అల్లాహ్ ఆయన తప్పులను మన్నించి, ఆయన చేసిన మేలుకు ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక! మన బిడ్డలు ఏ దేశంలో ఉన్నా ఆ దేశానికి మేలు చేసేవారుగా, న్యాయం పక్షాన నిలిచేవారుగా, విశ్వాసాన్ని విడవనివారుగా తీర్చిదిద్దుగాక! ఆమీన్.